రిపోర్ట్‌లో ఆ ఒక్క లైన్: హెర్2 అంటే ఏంటి? ట్రాస్టుజుమాబ్ ఎవరికి పనిచేస్తుంది?

పోయిన వారం వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు, "బ్రెస్ట్ క్యాన్సర్‌కి టార్గెటెడ్ ఇంజెక్షన్ అంటున్నారు, అది కీమోనా, వేరేదా, అందరికీ ఇస్తారా?" అని. ఈ రోజు ఎపిసోడ్ దాని మీదే.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బయోటెక్నాలజీ చదువుకున్నా, ఇలాంటి విషయాలు చదివి మీకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. ట్రీట్‌మెంట్ డిసైడ్ చేసేది మీ ఆంకాలజిస్టే. కానీ ఈ వీడియో అయ్యేసరికి మీకు ఒక పని మాత్రం వచ్చేస్తుంది. అమ్మదో, అక్కదో, పిన్నిదో బయాప్సీ రిపోర్ట్ మీ వాట్సాప్‌కి వస్తే, అందులో ఏ లైన్ చూడాలో, చూసి ఏం అడగాలో మీకు తెలుస్తుంది. ఎందుకంటే మన ఇళ్లల్లో ఇంగ్లీష్ పీడీఎఫ్ ఓపెన్ చేసి చదివేది మనమే కదా.

గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 1 లక్షా 92 వేల మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. అందరికీ వచ్చింది ఒకే జబ్బు అనుకుంటాం, కానీ పేరు ఒకటే, లోపల రకాలు వేరు. అందుకే బయాప్సీ ముక్క మీద కనీసం మూడు టెస్టులు చేస్తారు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్, మూడోది హెర్2. ఈ మూడోది పాజిటివ్‌గా వచ్చేవాళ్లు 100 మందిలో సుమారు 15 నుంచి 20 మంది. ఈ రోజు కథ అంతా వాళ్లదే.

అసలు హెర్2 అంటే ఏంటి? ప్రతి కణం పైన కొన్ని ప్రోటీన్లు యాంటెన్నాల్లా బయటికి పొడుచుకొని ఉంటాయి. "పెరుగు, రెండుగా చీలు" అని బయటినుంచి వచ్చే సిగ్నల్ అందుకుని లోపలికి పంపడం వీటి పని. వీటినే గ్రోత్ రిసెప్టర్లు అంటారు. హెర్2 అందులో ఒకటి. దీని జీన్ మన 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మామూలు రొమ్ము కణం మీద ఇవి వేలల్లో, అంటే సుమారు 20 వేలు ఉంటాయి. కొన్ని క్యాన్సర్ కణాల్లో ఆ జీన్ జిరాక్స్ తీసినట్టు ఒకటికి పది కాపీలు అయిపోతుంది. అప్పుడు కణం పైన ఈ యాంటెన్నాలు 20 లక్షల దాకా పోతాయి.

ఇంకో విషయం. హెర్2కి సొంతంగా సిగ్నల్ అక్కర్లేదు. పక్కనున్న యాంటెన్నాతో జతకడితే చాలు, స్విచ్ ఆన్ అయిపోతుంది. 20 లక్షలు కిక్కిరిసి ఉన్నప్పుడు జతకట్టడం ఎంత ఈజీనో ఆలోచించండి. కణానికి రాత్రీ పగలూ "పెరుగు, పెరుగు" అని నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి. మ్యూట్ బటన్ లేదు. అందుకే ఈ రకం క్యాన్సర్ స్పీడ్‌గా పెరుగుతుంది, త్వరగా పాకుతుంది.

దీన్ని ఎలా కనిపెట్టారో చూద్దాం. 1980ల మొదట్లో అమెరికాలో ఎంఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్ ఉండేది. అక్కడ పనిచేస్తున్న మన భారతీయ శాస్త్రవేత్త లక్ష్మీ చరణ్ పాఢి, ఎలుకల నరాల ట్యూమర్ మీద పరిశోధన చేస్తూ 1982లో ఒక ప్రోటీన్‌ని గుర్తించాడు. ఆ జీన్‌కి "న్యూ" అని పేరు పెట్టారు. 1985లో జెనెంటెక్ కంపెనీలో యాక్సెల్ ఉల్‌రిచ్ టీమ్ మనుషుల్లో అదే జీన్‌ని పట్టుకుని హెర్2 అన్నారు. జీన్ దొరికింది. కానీ ఏ జబ్బుతో సంబంధం ఉందో అప్పటికి తెలీదు.

అక్కడ ఎంటర్ అయ్యాడు డెనిస్ స్లామన్. లాస్ ఏంజెలిస్‌లో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ డాక్టర్. ఆయన దగ్గర ఫ్రీజర్‌లో దాచిన ట్యూమర్ ముక్కలు ఉన్నాయి, ఉల్‌రిచ్ దగ్గర జీన్ ఉంది. రెండూ కలిపి చూశారు. 1987లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పేపర్‌లో 189 రొమ్ము ట్యూమర్లు పరీక్షిస్తే దాదాపు 30 శాతంలో ఈ జీన్ కాపీలు పెరిగి ఉన్నాయి. ఆ కాపీలు ఎక్కువ ఉన్నవాళ్లకి జబ్బు త్వరగా తిరగబెడుతోంది, త్వరగా చనిపోతున్నారు. అంటే జీన్ ఊరికే అక్కడ లేదు, జబ్బుని తోలుతున్నది అదే అని అనుమానం బలపడింది.

మరి ఆ యాంటెన్నాని మూసేస్తే? మూయడానికి యాంటీబాడీ కావాలి. యాంటీబాడీ అంటే మన ఒంట్లో రక్షణ వ్యవస్థ తయారుచేసే వై ఆకారపు ప్రోటీన్. ఒక్కో యాంటీబాడీ ఒక్కో గుర్తునే పట్టుకుంటుంది, తాళానికి దాని చెవే పట్టినట్టు. ఒకే రకం యాంటీబాడీని కావాల్సినంత తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సెసార్ మిల్‌స్టైన్ కనిపెట్టారు. దానికి 1984లో నోబెల్ వచ్చింది. అలా ఒకే కణ వంశం నుంచి వచ్చిన, అన్నీ అచ్చం ఒకేలా ఉండే యాంటీబాడీలే మోనోక్లోనల్ యాంటీబాడీలు. "మోనో" అంటే ఒకటి, "క్లోన్" మీకు తెలిసిందే.

జెనెంటెక్ వాళ్లు హెర్2ని పట్టుకునే యాంటీబాడీని ఎలుకలో తయారుచేశారు. ల్యాబ్‌లో బాగా పనిచేసింది. కానీ ఎలుక యాంటీబాడీని మనిషికి ఎక్కిస్తే మన ఒళ్లు దాన్ని పరాయిదిగా చూసి తరిమేస్తుంది. అందుకే ఏం చేశారంటే, పట్టుకునే వేళ్లు మాత్రం ఎలుకవి ఉంచి, మిగతా చెయ్యంతా మనిషి యాంటీబాడీదే పెట్టారు. దీన్ని హ్యూమనైజ్ చేయడం అంటారు. 1992 కల్లా రెడీ.

ఈ కథంతా మందు పేరులోనే ఉంది, గమనించండి. ట్రాస్టుజుమాబ్. చివర "మాబ్" అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ. దాని ముందు "జు" అంటే హ్యూమనైజ్ చేసినది. దాని ముందు "టు" అంటే ట్యూమర్ కోసం. మొదటి "ట్రాస్" మాత్రం ఊరికే పెట్టిన పేరు. ఇప్పుడు "పెర్టుజుమాబ్" అని వినగానే మీరే విడగొట్టేయగలరు. దీన్నే మార్కెట్‌లో హెర్సెప్టిన్ అన్నారు.

ఒంట్లోకి వెళ్లాక ఇది చేసే పనులు ముఖ్యంగా రెండు. ఒకటి, హెర్2 యాంటెన్నాని పట్టుకుని సిగ్నల్ లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. రెండు, దాని తోక భాగం బయటికి కనిపిస్తూ ఉంటుంది కదా, అది చూసి మన రక్షణ కణాలు వచ్చి ఆ క్యాన్సర్ కణం మీద పడతాయి. దొంగ ఇంటి మీద జెండా పాతినట్టు అన్నమాట. కీమో వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది, అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది. ట్రాస్టుజుమాబ్ ఒక్కదాని వల్ల జుట్టు ఊడదు. అయితే మొదట్లో దీన్ని కీమోతో కలిపి ఇస్తారు కాబట్టి జనానికి రెండూ ఒకటే అనిపిస్తుంది.

ఇక ట్రయల్స్. మందు ఇంకా పరీక్షల్లో ఉండగానే దాని గురించి పేషెంట్లకు తెలిసిపోయింది. ట్రయల్‌లో చోటు దొరకని వాళ్లు "మా దగ్గర టైమ్ లేదు, మందు ఇవ్వండి" అని అడిగారు. కంపెనీ కాదంది. 1994 డిసెంబర్‌లో, అలా మందు దొరక్కుండానే చనిపోయిన ఒక పేషెంట్ కోసం, ఆమె తోటివాళ్లు శవయాత్రలాగా కార్లు వేసుకుని హారన్లు కొట్టుకుంటూ జెనెంటెక్ క్యాంపస్‌లోకి వెళ్లారు. ఆ తర్వాతే కంపెనీ దిగొచ్చి, ట్రయల్ బయట ఉన్న కొంతమందికి లాటరీ తీసి మందు ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రాణం ఉంటుందా పోతుందా అన్నది లాటరీ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మన దేశం దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

పెద్ద ట్రయల్‌లో 469 మంది ఆడవాళ్లు పాల్గొన్నారు. అందరికీ జబ్బు అప్పటికే వేరే భాగాలకు పాకింది. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 4.6 నెలలు, ట్రాస్టుజుమాబ్ కలిపితే 7.4 నెలలు. ఆయుష్షు 20.3 నెలల నుంచి 25.1 నెలలకు పెరిగింది. "ఇంతేనా, ఐదు నెలలేనా?" అంటారేమో. కానీ అది చివరి దశలో దొరికిన లాభం. 1998 సెప్టెంబర్ 25న అమెరికాలో అనుమతి వచ్చింది. అసలు మలుపు 2005లో. జబ్బు ఇంకా పాకని దశలో, ఆపరేషన్‌తో పాటు ఈ మందు ఇచ్చిన ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. జబ్బు తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి పడిపోయింది. అప్పటిదాకా భయపెట్టిన రకం, మందు ఉన్న రకంగా మారింది. 2019లో షెపర్డ్, స్లామన్, ఉల్‌రిచ్ ముగ్గురికీ లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఈ మందు హెర్2 ఎక్కువ ఉన్నవాళ్లకే. లేనివాళ్లకి ఇస్తే డబ్బు పోతుంది, సైడ్ ఎఫెక్ట్ రిస్క్ మిగులుతుంది. ఉన్నవాళ్లకి ఇవ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అది తేల్చేది ఒక టెస్ట్. అందుకే రిపోర్ట్‌లో ఇంగ్లీష్ అక్షరాలు హెచ్, ఈ, ఆర్, పక్కన 2 అంకె ఉన్న లైన్ వెతకండి. దాని ఎదురుగా స్కోర్ ఉంటుంది.

సున్నా లేదా 1+ ఉంటే నెగటివ్. 3+ ఉంటే పాజిటివ్. మధ్యలో 2+ ఉంది చూశారూ, అది అవునూ కాదు, కాదూ కాదు. తేలలేదు అని అర్థం. ఇంగ్లీష్‌లో "ఈక్వివోకల్" అని రాస్తారు. అప్పుడు ఫిష్ అనే ఇంకో టెస్ట్ చేయించాలి. చేప కాదండోయ్, జీన్ కాపీలు మెరిసే చుక్కల్లా కనిపించేలా రంగువేసి మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టే టెస్ట్. అది చెప్పేదే ఫైనల్.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా ఇంట్లోనే జరిగింది. మా పిన్నికి 46 ఏళ్లప్పుడు గడ్డ కనిపించింది. వాళ్ల ఊళ్లోనే ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో బయాప్సీ చేశారు, కీమో మొదలుపెట్టారు. రెండో కీమో టైమ్‌కి బాబాయ్ రిపోర్ట్ నాకు పంపాడు, "ఊరికే చూడు" అని. హెర్2 ఎదురుగా 2+ అని ఉంది. ఫిష్ రిపోర్ట్ ఏదీ అని అడిగితే బాబాయ్ అన్నాడు, "రెండు ప్లస్ అంటే తక్కువే కదరా, మూడు అయితేనే కదా భయం?" అని. హాస్పిటల్‌లో ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. డిశ్చార్జ్ పేపర్‌లో కూడా ఫిష్ మాటే లేదు.

తర్వాత ఏం చేశామంటే, బయాప్సీ చేసిన ల్యాబ్‌కి వెళ్లి బ్లాక్ అడిగాం. బ్లాక్ అంటే ఆ కణజాలం ముక్కని మైనంలో పెట్టి దాచిన చిన్న దిమ్మ. పేషెంట్ తరఫున అడిగితే ఇస్తారు, ఇంకో ల్యాబ్‌లో టెస్ట్ చేయించుకోవచ్చు, మళ్లీ సూది గుచ్చాల్సిన పనిలేదు. రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టి, ఐడీ కాపీ ఇచ్చి తీసుకున్నాం. పది రోజులకి ఫిష్ రిజల్ట్ వచ్చింది. పాజిటివ్. కొత్త డాక్టర్ ట్రాస్టుజుమాబ్ కలిపారు, ఆపరేషన్ అయ్యాక కూడా కంటిన్యూ చేశారు. ఇప్పుడు పిన్ని మూడో ఏడాది చెకప్‌లకి వెళ్తోంది, టైలరింగ్ షాప్ మళ్లీ తెరిచింది. ఫిష్ చేయించకుండా ఉంటే ఏమయ్యేదో అని బాబాయ్ ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడు.

ఇంకో చిన్న విషయం. బయాప్సీ ముక్కని తీయగానే ఫార్మలిన్‌లో వేయాలి, అందులో 6 గంటల నుంచి 72 గంటల లోపు ఉండాలి. తక్కువైనా ఎక్కువైనా హెర్2 స్కోర్ తప్పు వచ్చే ఛాన్స్ ఉంది. కాబట్టి ముక్కని డబ్బాలో పెట్టి మీ చేతికిచ్చి "ల్యాబ్‌లో ఇచ్చేయండి" అంటే, ఆ డబ్బా ఇంట్లో పెట్టుకుని సోమవారం వెళ్దాంలే అనుకోవద్దు.

ట్రీట్‌మెంట్ ఎలా ఉంటుంది? ఎక్కువగా సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి, మూడు వారాలకోసారి. డోస్ బరువుని బట్టి. మొదటిసారి కిలోకి 8 మిల్లీగ్రాములు, తర్వాత కిలోకి 6. అంటే 60 కిలోల మనిషికి మొదట 480, తర్వాత ప్రతిసారీ 360 మిల్లీగ్రాములు. మొదటి డోస్ గంటన్నర పడుతుంది, అప్పుడు చలి, జ్వరం రావచ్చు, అందుకే గమనిస్తూ ఉంటారు. మామూలుగా ఏడాది పాటు ఇస్తారు. రెండేళ్లు ఇచ్చి చూశారు, అదనపు లాభం లేదు. ఆరు నెలలు ఇచ్చి కూడా చూశారు. బ్రిటన్‌లో సుమారు 4 వేల మందితో చేసిన పెర్సెఫోన్ ట్రయల్ 2019లో వచ్చింది. నాలుగేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఏడాది గ్రూప్‌లో 89.8 శాతం, ఆరు నెలల గ్రూప్‌లో 89.4 శాతం. ఇది ఎందుకు ముఖ్యమంటే, డబ్బు చాలక "ఏడాది అయ్యేలా లేదు, అసలు మొదలే పెట్టొద్దు" అనుకునేవాళ్లు ఉన్నారు. అలా అనుకోకండి. ఎంత వరకు వీలవుతుందో డాక్టర్‌తో ఓపెన్‌గా మాట్లాడండి.

జాగ్రత్త పడాల్సింది గుండె విషయంలో. కొంతమందికి గుండె పంపింగ్ తగ్గుతుంది. మందు ఆపితే ఎక్కువమందికి మళ్లీ కోలుకుంటుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత సుమారు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. "బాగానే ఉన్నాను కదా, ఎకో ఎందుకు దండగ" అని ఎగ్గొట్టొద్దు. మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే వెంటనే చెప్పాలి. చిన్న వయసు వాళ్లకి ఇంకోటి. ఈ మందు కడుపులో బిడ్డకి ప్రమాదం. ట్రీట్‌మెంట్ జరిగినంత కాలం, ఆఖరి డోస్ తర్వాత ఏడు నెలల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఇప్పుడు డబ్బు. ఇందాక లాటరీ సంగతి చెప్పా కదా. మన దగ్గర లాటరీ లేదు, కానీ ధరే లాటరీలా ఉండేది. ఒకప్పుడు ఒక్క 440 మిల్లీగ్రాముల వయల్ లక్ష రూపాయలకు పైనే. ఏడాది కోర్సు అంటే పొలం అమ్ముకోవాల్సిందే. 2013లో ఒరిజినల్ కంపెనీ రోష్ ఇక్కడ పేటెంట్ వదిలేసింది. 2014 మొదట్లో బెంగళూరు కంపెనీ బయోకాన్ కాన్‌మాబ్ అనే బయోసిమిలర్‌ని 57,500 రూపాయలకి తెచ్చింది. బయోసిమిలర్ అంటే ఒరిజినల్‌కి దాదాపు అచ్చం అలాగే ఉండేలా వేరే కంపెనీ తయారుచేసిన బయోలాజికల్ మందు. మామూలు మాత్రలాగా ఫార్ములా చూసి కలిపేస్తే రాదు. బతికున్న కణాల్లో, చైనీస్ హామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి కణాల్లో పెంచి తీయాలి. అందుకే పరీక్షలు ఎక్కువ. 2018లో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా హెర్విక్టా పేరుతో తెచ్చింది. బయోకాన్, మైలాన్ కలిసి చేసిన మందుకి 2017 డిసెంబర్‌లో అమెరికా అనుమతి కూడా వచ్చింది. అక్కడ అనుమతి పొందిన మొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే దీన్ని అత్యవసర మందుల లిస్ట్‌లో చేర్చింది.

మీరు చేయాల్సింది ఏంటంటే, హాస్పిటల్‌లో "బయోసిమిలర్ ఏది ఉంది, ఎంత?" అని అడగండి. నాలుగు బ్రాండ్ల ధర పోల్చి చూడండి. ఆరోగ్యశ్రీ కార్డ్ ఉంటే హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి ఈ మందు కవర్ అవుతుందా అని మందు పేరు చెప్పి అడగండి. ఇంకో కిటుకు, 440 వయల్‌ని దాంతోపాటు వచ్చే ప్రత్యేకమైన నీటితో కలిపితే, 2 నుంచి 8 డిగ్రీల మధ్య 28 రోజులు నిల్వ ఉంటుంది. 360 వాడితే 80 మిగులుతుంది. తర్వాతి డోస్ 21 రోజులకే కదా, హాస్పిటల్ వాళ్లు దాచి వాడే పద్ధతి ఉందేమో అడగండి. ఇది హాస్పిటల్ ఫ్రిజ్‌లోనే జరగాలి, ఇంట్లో మాత్రం కాదు.

కొత్తగా వచ్చినవి స్పీడ్‌గా చెప్పేస్తా. పెర్టుజుమాబ్ ఇదే హెర్2ని ఇంకో చోట పట్టుకుని జతకట్టకుండా చేస్తుంది. రెండూ కలిపి, కీమోతో ఇస్తే పాకిన జబ్బులో ఆయుష్షు మధ్యస్థంగా 40.8 నెలల నుంచి 56.5 నెలలకు పెరిగింది. తర్వాత ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్. ఇందులో యాంటీబాడీ డెలివరీ బాయ్ లాంటిది, కీమో మందుని పార్సిల్ కట్టుకుని హెర్2 ఉన్న కణం లోపలికే తీసుకెళ్లి ఇస్తుంది. ఖరీదు ఎక్కువే. 2024 జులై బడ్జెట్‌లో దీని మీద కస్టమ్స్ డ్యూటీ తీసేశారు. దీనితో ఊపిరితిత్తుల వాపు వచ్చే రిస్క్ ఉంది, దగ్గు, ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి.

ఈ మందు వల్ల ఇంకో మార్పు వచ్చింది. 2022 నుంచి "హెర్2 లో" అనే కొత్త గ్రూప్ లెక్కలోకి వచ్చింది. స్కోర్ 1+ ఉన్నవాళ్లు, 2+ ఉండి ఫిష్ నెగటివ్ వచ్చినవాళ్లు. ఒకప్పుడు వీళ్లని నెగటివ్ అని పక్కన పెట్టేవాళ్లు. జబ్బు వేరే భాగాలకు పాకినప్పుడు వీళ్లలో కూడా ఈ కొత్త మందు పనిచేస్తుందని ట్రయల్‌లో తేలింది. అందుకని పాత రిపోర్ట్‌లు పారేయకండి. ఉత్తి "నెగటివ్" అనే మాట సరిపోదు, సున్నానా, 1+ ఆ, 2+ ఆ అనేది కూడా కావాలి.

సో, ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి మూడు ప్రశ్నలు రాసుకోండి. ఒకటి, హెర్2 స్కోర్ ఎంత? రెండు, 2+ అయితే ఫిష్ చేశారా, రిజల్ట్ ఏది? మూడు, పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఎప్పుడు మొదలుపెడుతున్నారు, ఎకో ఎప్పుడు? డాక్టర్ రూమ్‌లో ఉండేది ఐదు నిమిషాలు, టెన్షన్‌లో ఏదీ గుర్తుండదు. చూసి చదివేయండి, మొహమాటం వద్దు.

ఇంకా, ఇవన్నీ గడ్డ కనిపించి హాస్పిటల్‌కి వెళ్తేనే కదా. మన అమ్మలు "నొప్పి లేదుగా, అదే పోతుందిలే" అంటారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు, అదే దాని మోసం. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని అడిగాక, ఇది కూడా అడగండి.

ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య ఇది కూడా ఒకటి ఉండనీ. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి, కానీ రిపోర్ట్ ఫోటోలు పేరుతో సహా పెట్టకండి ప్లీజ్. వచ్చే ఎపిసోడ్‌లో హార్మోన్ పాజిటివ్ రకం గురించి, రోజూ వేసుకునే ఆ చిన్న మాత్ర గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను.